గుడి దీర్ఘం

భుజం ఎముక తిరిగి కీలులో కూర్చున్న మర్నాడు కెజియా కళ్లు తెరిచేసరికి బారెడు పొద్దెక్కింది. మామూలుగా అయితే ఆ వేళకి ఆమె రొయ్యల షెడ్డులో ఒక ట్రే ఖాళీ చేసి రెండో ట్రే మీద ఉండేది. ఎడమ చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. నొప్పి ఉంది గానీ, అది పక్కింటివాళ్ల నొప్పిలా దూరంగా ఉంది.

మంచం మీద నుంచే వాకిట్లోకి చూసింది. తాటాకు దడి, దడి మీద ఆరేసిన నెల్సన్ ఖాకీ చొక్కా, అవతల చేపల చెరువు గట్టు, గట్టు మీద వరసగా నిలబడ్డ కొంగలు. రోజూ చూసేవే. కానీ ఇవాళ ఎవరో అన్నిటినీ కడిగి మళ్లీ పెట్టినట్టున్నాయి. ఆమెకు ఊరికే కన్నీళ్లు వచ్చాయి. ఏడుపు కాదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు నెల్సన్ టీ గ్లాసు పట్టుకొచ్చి. ఉంగుటూరు స్టేషనుకీ గణపవరానికీ మధ్య ఆటో తోలే మనిషి. ఆ పూట ఆటో తియ్యలేదు.

"లేదండీ. నిన్న అమ్మ వచ్చింది."

నెల్సన్ మంచం అంచున కూర్చున్నాడు. పాపాయమ్మ పోయి తొమ్మిదేళ్లయింది.

"గూడెం ఆసుపత్రిలో, ఆ డాక్టరు గారు సూది వేసేక. కళ్లు మూయలేదండీ నేను. చూస్తూనే ఉన్నాను. పైన లైటు ఉందా, అది పెద్దదైపోయింది. గోడలు లేవు. మంచం లేదు. నేను కూడా లేను. కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు చూసేరా, ఎక్కడ నీళ్లో ఎక్కడ ఆకాశమో తెలీదు, అలాగ. ఆ నీళ్లన్నీ నేనే. భయం లేదు. అందులోంచి అమ్మ వచ్చింది."

"మత్తులో కల వచ్చుంటుంది," అన్నాడు నెల్సన్ మెల్లిగా.

"కల అయితే లేచేక చెదిరిపోదా అండీ?"

అతను చల్లారిపోతోందని టీ గ్లాసు ఆమె కుడిచేతికి అందించాడు.

* * *

శనివారం పొద్దున్నే గంగాభవాని వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ, కొంగులో దువ్వెన. షెడ్డులో వాళ్ల బల్లకి ఆమే పెద్ద. బల్లకి ఇరవైమంది ఆడవాళ్లు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో హాజరు పుస్తకంలో రాసేది ఆమె, ఎవరి ట్రేలో తల ఊడని రొయ్య మిగిలిందో చూసేది ఆమె. కెజియా షెడ్డులో చేరిన మొదటి రోజు, ఐసునీళ్లలో వేళ్లు కొంకర్లు పోయి ఏడుస్తుంటే, తన చంకలో ఆ వేళ్లు పెట్టుకుని వెచ్చజేసింది కూడా ఆమే. మొన్న గురువారం కెజియా షెడ్డులో పడిపోయినప్పుడు గూడెం ఆసుపత్రికి కారులో వెంట వచ్చిందీ ఆమే. నెల్సన్ ఆటో వేసుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఒంటి చేత్తో జడేసుకుంటావేంటే? రా, ఇలా కూర్చో."

కెజియా గుమ్మం మెట్టు మీద కూర్చుంది. గంగాభవాని వెనక పీట వేసుకుని చిక్కులు తీయడం మొదలుపెట్టింది. కుదుళ్ల దగ్గర ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, నొప్పి పుట్టకుండా కొసల నుంచి పైకి దువ్వుతోంది.

"అక్కా, నీకో సంగతి చెప్పాలి. నవ్వకూడదు."

"చెప్పు."

కెజియా చెప్పింది. లైటు సంగతి, నీళ్ల సంగతి. "అమ్మ నాట్లు వేసేటప్పుడు వంగినట్టే వంగి ఉంది. వెనక నించి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని నీళ్లలో నారు గుచ్చినట్టు అక్షరాలు గుచ్చింది. ఒక్కొక్కటీ. నా పేరు! మా అమ్మకి అక్షరం ముక్క రాదు కదా అక్కా. వేలిముద్రే కదా వేసేది. అలాంటిది నాచేత నా పేరు రాయించింది. జ కి గుడి దీర్ఘం పెట్టింది. దీర్ఘం ఎందుకే అమ్మా, నా పేరుకి దీర్ఘం లేదు అంటే నవ్వింది. 'రాయవే బంగారం' అంది. అలా ఎప్పుడన్నా పిలిచిందా మా అమ్మ? కోపిష్టి మనిషి. ఎత్తుకున్న గుర్తు కూడా లేదు నాకు. చచ్చిపోయి తొమ్మిదేళ్లకి వచ్చి బంగారం అని పిలిచింది."

దువ్వెన ఆగిపోయింది.

కెజియా తల తిప్పబోయింది. "కదలకు," అంది గంగాభవాని. ఆమె గొంతు మామూలుగా లేదు. తనకి కన్నీళ్లు వచ్చినట్టే అక్కకీ వచ్చాయనుకుంది కెజియా.

"ఎవరికైనా చెప్పేవా?"

"ఆయనకి చెప్పేను. రేపు చర్చిలో సాక్ష్యం చెప్దామనుకుంటున్నాను."

"వద్దులే. మత్తు మందు ఇస్తే అలాంటివి కనపడతాయి. నలుగురిలో ఎందుకు?"

"నలుగురికీ చెప్పకపోతే ఇంకెందుకక్కా?"

గంగాభవాని జడ అల్లి రబ్బరు బ్యాండు వేసింది. ఎప్పుడూ అల్లే కన్నా బిగువుగా అల్లింది. క్యారేజీలో కొరమేను పులుసు ఉందని చెప్పి, టీ తాగమంటే షెడ్డుకి వేళయిందని లేచి వెళ్లిపోయింది. శనివారాలు తమ బల్లది రెండో షిఫ్టని, అది మధ్యాహ్నానికి గానీ మొదలుకాదని కెజియాకి అప్పుడు తట్టలేదు.

* * *

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ, కెజియా లేచి నిలబడింది. ఎప్పుడూ పాటలో గొంతు కలపడమే గానీ ముందుకు వచ్చి మాట్లాడిన మనిషి కాదు. మొదట్లో మాట తడబడింది. తర్వాత నీళ్లు వచ్చాయి, అమ్మ వచ్చింది, చెయ్యి వచ్చింది. చెబుతూ చెబుతూ ఉండగా, ఒకటి రెండు సంగతులు ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. అవి ఈ కథలో ఇమడవనిపించింది. వదిలేసింది.

ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. జ్ఞానయ్య పాస్టరు గారు కళ్లు మూసుకుని "స్తోత్రం" అన్నారు. కూటం అయ్యాక రత్నమాణిక్యం అనే ముసలామె చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో నడిచి వచ్చింది. పాపాయమ్మతో కలిసి ఉంగుటూరు పొలాల్లో ముప్పయ్యేళ్లు నాట్లు వేసిన మనిషి. కెజియా కుడిచెయ్యి రెండు చేతుల్తో తీసుకుని కళ్లకద్దుకుంది.

"పాపాయమ్మ ముట్టుకున్న చెయ్యమ్మా ఇది. దాని పొగరు నాకు తెలుసు. చచ్చేదాకా ఒక్క మంచి మాట అన్లేదు ఎవర్నీ. ఆఖరికి చెప్పుకుంది చూడు, కూతురికి."

ఆ రోజంతా కెజియా ఆ చేత్తో అన్నం తినడానికి కూడా మొహమాటపడింది.

* * *

సోమవారం కట్టు చూపించడానికి నెల్సన్ ఆమెను తాడేపల్లిగూడెం తీసుకెళ్లాడు. రెండంతస్తుల చిన్న ఆసుపత్రి. డాక్టరు గారు భుజం మీద వేళ్లతో నొక్కి చూసి, మూడు వారాలు చెయ్యి ఎత్తకూడదని చెప్పి పైకి వెళ్లిపోయారు. కట్టు మార్చే నర్సు భాగ్యశ్రీ పాతికేళ్ల పిల్ల. నెల్సన్ మందుల షాపుకి వెళ్లాడు.

"మొన్న నాకు ఇచ్చిన మందు పేరేంటమ్మా?" అని అడిగింది కెజియా.

"కెటమిన్ అండి. ఎముక లాగేటప్పుడు నొప్పి తెలీకుండా. ఏం, ఏమైనా కనపడిందా అండి?" భాగ్యశ్రీ నవ్వింది. "చాలామందికి కనపడతాయి. ఒకాయన ఏకంగా రైలు తోలేశారు. ఇంకొకావిడ భయపడి మంచం దిగి పారిపోబోయారు. కళ్లు తెరిచే ఉంటారండి, పిలిస్తే ఊ అంటారు, కానీ మనిషి ఇక్కడ ఉండరు. ఓ అరగంటకి గానీ తిరిగి రారు."

కెజియాకి కొంచెం గుచ్చుకుంది. రైలు తోలినాయన పక్కన తన తల్లిని నిలబెట్టినట్టయింది. అయినా నవ్వడానికి ప్రయత్నించింది. "నాకు మా అమ్మ కనపడింది. నా చెయ్యి పట్టుకుంది."

"చెయ్యి పట్టుకుంది మీ అక్కగారండి," అంది భాగ్యశ్రీ దూది చుడుతూ. "మీతో వచ్చిన ఆవిడ. ఎంత ఏడ్చారో పాపం. ఎముక కూర్చోబెట్టేశాక మిమ్మల్ని పక్క గదిలో పడుకోబెట్టేం. ఆవిడా, మీ మేనేజరు గారూ లోపల ఉన్నారు. ఏదో మాట్లాడుకోవాలి, కాసేపు బయట ఉండమ్మా అన్నారాయన. నేను బీపీ చూడాలండి అని తలుపు తీసేసరికి ఆవిడ మీ చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు."

కెజియాకి అక్క మీద ప్రేమ పొంగింది. అమ్మ కాదు, అక్క. పోనీలే. బతికున్న మనిషి చెయ్యి. తన కోసం ఏడ్చిన మనిషి చెయ్యి. శనివారం దువ్వెన ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది, నేనేనే అని చెప్పుకోలేక మొహమాటపడి ఉంటుంది.

భాగ్యశ్రీ కేసు షీటు మీద తేదీ వేస్తోంది. కెజియా వంగి చూసింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. పైన ఒక చోట బాత్రూం అనే మాట కనిపించింది.

"ఇదేంటమ్మా?"

"ఎలా పడ్డారో అండి. ఇంటి దగ్గర బాత్రూంలో జారి పడ్డారని."

"నేను షెడ్డులో పడ్డాను."

భాగ్యశ్రీ పెన్ను ఎత్తి ఆమె మొహంలోకి చూసింది. "మేనేజరు గారు అలా రాయించారండి. మీరు కూడా కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారన్నారు." ఆపైన గొంతు తగ్గించింది. "ఎప్పుడు పెట్టేరండి? సూది పడకముందు మీరు నొప్పికి అరుస్తున్నారు. మేం ఆపరేషన్ కాగితం మీద మీ వేలిముద్రే తీసుకున్నాం."

కెజియా తన కుడిచేతి వైపు చూసుకుంది.

* * *

షెడ్డు గణపవరం రోడ్డు మీద ఉంది. నెల్సన్ గేటు బయట ఆటో ఆపి తనూ వస్తానన్నాడు. వద్దంది.

మేనేజరు అనిల్ కుమార్ ఎవర్నీ గట్టిగా మాట అనే మనిషి కాదు. లేచి నిలబడి కుర్చీ లాగాడు. "కూర్చోండమ్మా. ఎలా ఉంది చెయ్యి? రెస్టు తీసుకోక ఎందుకొచ్చారు? ఫోన్ చేస్తే సరిపోను కదండీ."

"నేను ఏదో కాగితం మీద సంతకం పెట్టేనంటండి. ఒకసారి చూపిస్తారా?"

అతను దాచలేదు. సొరుగు లాగి, ఫైలు తీసి, కాగితం ఆమె వైపు తిప్పి పెట్టాడు. టైపు చేసిన నాలుగు వాక్యాలు. నేను మా ఇంటి వద్ద జారి పడ్డాను. షెడ్డువారు మానవత్వంతో ఆసుపత్రికి చేర్చారు. ఈ ప్రమాదానికీ షెడ్డుకీ ఎటువంటి సంబంధం లేదు. పూర్తి స్పృహతో రాసి ఇచ్చినది. కింద, గీత దాటి పక్కకి వాలిపోయిన అక్షరాల్లో ఒక పేరు.

కెజీయా.

జ మీద గుడి దీర్ఘం. చేప తోకలా చివర పైకి తిరిగిన దీర్ఘం.

ఆ దీర్ఘాన్ని కెజియా పన్నెండేళ్లుగా హాజరు పుస్తకంలో చూస్తోంది. దీర్ఘం లేదక్కా అని మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పింది. గంగాభవాని చెయ్యి అలవాటు మానలేదు. తర్వాత చెప్పడం మానేసింది.

"నేను పడ్డది మూడో బల్ల దగ్గరండి. కాలవ మూత విరిగి నెలయింది. విరిగిందని నేనే చెప్పేను మీకు. ఆ రోజు సరుకు కొనేవాళ్లు షెడ్డు చూడ్డానికి వస్తున్నారని దాని మీద గోనెసంచి పరిచేరు. సంచి కింద గొయ్యి ఉందని నేను చూసుకోలేదు."

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా. మిమ్మల్ని తీసేస్తామన్నామా? చెయ్యి బాగయ్యాక రండి. కూర్చుని చేసే పని ఇస్తాను. స్టిక్కర్లు అంటించడం."

"నాకు స్పృహ లేనప్పుడు పెట్టించేరండి ఇది."

అనిల్ కుమార్ కాగితం వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టాడు. చాలా మర్యాదగా నవ్వాడు. "నిన్న చర్చిలో మీరేదో చెప్పారటగా అమ్మా. సగంమంది మన షెడ్డువాళ్లే కదా, పొద్దున్నించీ అదే మాట. మీ అమ్మగారు వచ్చి చెయ్యి పట్టుకుని రాయించారని. పెద్దవాళ్లు పెట్టించిన సంతకం. నన్నంటే ఏం లాభం చెప్పండి? ఆవిడనే అడగాలి."

కెజియాకి చెంపలు మండాయి. లేచి నిలబడింది. నమస్కారం పెట్టబోయి, ఒక చెయ్యి లేదని గుర్తొచ్చి, అలాగే బయటికి నడిచింది.

గేటు వైపు కాదు. షెడ్డులోకి.

తెల్ల టోపీలు, రబ్బరు ఏప్రాన్లు, మోకాళ్ల దాకా బూట్లు. బల్లల మీద ఐసులో కప్పెట్టిన రొయ్యలు. ఇరవై జతల చేతులు ఒక్కలాగే కదులుతున్నాయి. బొటనవేలితో మెడ కింద నొక్కడం, తలను పక్కకి మెలిపెట్టి లాగడం, తల ఒక ట్రేలోకి, రొయ్య ఒక ట్రేలోకి. క్లోరిన్ వాసన. మూడో బల్ల దగ్గర కాలవ మీద కొత్త ఇనప మూత మెరుస్తోంది.

ఆమెను చూసి ఒక్కొక్క జత చేతులే నెమ్మదించాయి. ఆగలేదు.

గంగాభవాని తల ఎత్తలేదు. కెజియా బల్లకి ఇవతల నిలబడింది.

"ఆ గదిలో నా చెవిలో ఏమన్నావక్కా?"

"ఇక్కడెందుకే. ఇంటికొస్తాను. పద."

"ఏమన్నావు?"

గంగాభవాని ఒక రొయ్య తల లాగింది. ఇంకొకటి లాగింది. మూడోది చేతిలోనే ఉండిపోయింది.

"రాయవే బంగారం అన్నాను," అంది.

చేతిలోని రొయ్యని తల తియ్యకుండానే ట్రేలో పడేసింది.

"ఆ సంచి పరిచింది నేనేనే. మేనేజరు పరవమన్నాడు, పరిచేను. నువ్వు పడ్డాక, సంచి వేసింది నేనే కాబట్టి పోలీసుల దాకా వెళ్తే నా మీదకే వస్తుందన్నాడు. బల్ల మొత్తం తీసేస్తానన్నాడు. ఏం చెయ్యమంటావు? ఇంతమంది ఉన్నారు." ఆమె మొదటిసారి తలెత్తింది. "నీకు తెలీదు కదా అనుకున్నాను. తెలీకుండా అయిపోతుందనుకున్నాను."

కెజియా బల్ల చుట్టూ ఉన్న మొహాల వైపు చూసింది. నిన్న కొంగులు కళ్లకద్దుకున్న వాళ్లలో ఆరుగురు అక్కడే ఉన్నారు. వాళ్లెవరూ ఆమె వైపు చూడలేదు.

"పనిచేసుకోండి," అంది కెజియా. "వస్తానండి, గంగాభవాని గారూ."

* * *

మంగళవారం పగలంతా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నెల్సన్ ఆటో తీసుకుని వెళ్లాక చెరువుగట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుంది. చెరువుకి గాలి ఎక్కించే చక్రాలు నీళ్లను తెల్లగా చిమ్ముతున్నాయి. చేపల మేత వాసన.

మొదట కోపం. సంచి మీద కాదు, సంతకం మీద కూడా కాదు. దొంగతనం జరిగితే పోయిన వస్తువు ఇదీ అని చెప్పుకోవచ్చు. ఇక్కడ పోయింది ఏమిటో చెప్పుకోవడానికి లేదు. లేని దాన్ని ఇచ్చి, దాన్నే తీసేసుకున్నారు. మూడు రోజులు ఆమెకు ఒక తల్లి ఉంది. పొద్దున్న లేస్తూనే కడిగిన లోకం ఉంది. రత్నమాణిక్యం ఎండలో చెప్పుల్లేకుండా నడిచి వచ్చి కళ్లకద్దుకుంది ఈ చెయ్యినే. రేపు ఆ ముసలామెకి ఏమని చెప్పాలి?

అలా కూర్చుని, ఆ గదిని మళ్లీ మొదటి నుంచి గుర్తుచేసుకుంది. ఈసారి చర్చిలో చెప్పినట్టు కాదు. జరిగినట్టు.

లైటు. నీళ్లు. వంగిన మనిషి. మొహం చూసిందా తను? లేదు. మొహం కనపడలేదు. వంగిన వీపు మాత్రమే. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఎముకల దాకా చల్లగా, ఐసులోంచి తీసినట్టు. అమ్మ చేతులు ఎప్పుడూ పొయ్యిమీద పెనంలా కాలుతుండేవి, కొడితే తెలిసేది. ఆ చెయ్యి వణుకుతోంది. మణికట్టు మీద ఏదో తడిగా పడింది, ఒక చుక్క, ఇంకో చుక్క. పైన ఎక్కడో, ఆకాశంలోంచి, ఒక మగగొంతు తొందరగా తొందరగా అంటోంది.

ఇవన్నీ గురువారం నుంచీ ఆమెకు తెలుసు. చర్చిలో నోటి దాకా వచ్చి ఆగినవి ఇవే. చల్లదనాన్ని వదిలేసింది. మగగొంతును వదిలేసింది. దీర్ఘం ఎందుకని అడిగింది నిజమే, కానీ అమ్మ నవ్వలేదు. జవాబే రాలేదు. నవ్వు తనే పెట్టుకుంది.

మందు ఆమెకు అబద్ధం చెప్పలేదు. ఉన్నదున్నట్టు చూపించింది. దానికి అమ్మ చీర కట్టింది తనే.

ఎందుకు కట్టింది? జవాబు కోసం ఎక్కువ వెతకనక్కర్లేదు. నలభయ్యేళ్లు వస్తున్నా ఎవరైనా వెనక నించి వచ్చి చెయ్యి పట్టుకుని బంగారం అంటే చాలని కాచుక్కూర్చుంది ఆమె. అన్నది ఎవరో చూడలేదు. రాయిస్తున్నది ఏమిటో చూడలేదు.

అది తల్చుకుంటే ఆమెకు అక్క మీద కన్నా తన మీద ఎక్కువ సిగ్గేసింది. ఆ సిగ్గు కాసేపు ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి అది కూడా తగ్గి, తప్పు తనది కాదన్న సంగతి ఒక్కటీ మిగిలింది. ఆశపడటం తప్పు కాదు. ఆశపడ్డ మనిషి చేతిలో పెన్ను పెట్టడం తప్పు.

సాయంత్రం నెల్సన్ వచ్చి, "ఆ సంతకం నాది కాదని చెప్పెయ్. దీర్ఘం ఉంది కదా, అందరికీ తెలుసు నీ పేరుకి లేదని," అన్నాడు. అతను రోజంతా అదే ఆలోచించినట్టున్నాడు.

"నాదేనండి. నా చెయ్యే. కాదంటే నేనూ అబద్ధం చెప్పినట్టే కదా."

ఆ సాయంత్రమే, దీపాలు పెట్టే వేళ, ఆమె రత్నమాణిక్యం ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. ముసలామె, "అదే అనుకున్నానమ్మా," అంది. "పాపాయమ్మ బంగారం అనడమేంటీ అని. కానీ నువ్వు చెప్తుంటే బావుంది. నాకూ కావాలనిపించింది."

* * *

బుధవారం ఇద్దరూ ఏలూరు వెళ్లారు. అక్కడ ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ఆఫీసులో ఒక మేడమ్ ఉన్నారు, సీతారత్నం గారు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని కెజియా చెప్పింది మొత్తం విన్నారు. మధ్యలో ఒకసారి ఎవరికో ఫోనులో జవాబు చెప్పి, మళ్లీ విన్నారు.

"సంతకం మీదేనా అమ్మా?"

"చెయ్యి నాదేనండి. పెట్టింది నేను కాదండి."

"అలా రాస్తే ఎవరికీ అర్థం కాదు. జరిగింది జరిగినట్టు రాయండి. ఎవరెవరు ఉన్నారో పేర్లతో సహా."

కెజియా వరండాలో బెంచీ మీద కూర్చుంది. నెల్సన్ కాగితం కదలకుండా అంచులు పట్టుకున్నాడు. రొయ్యల తలలు లాగే వేళ్లకి పెన్ను ఒక పట్టాన లొంగలేదు. కాలవ మూత గురించి రాసింది. సంచి గురించి రాసింది, పరవమన్నది ఎవరో, పరిచింది ఎవరో. సూది గురించి, నర్సు చెప్పిన అరగంట గురించి రాసింది. అక్కడ ఆగి, చాలాసేపు ఆలోచించి, ఇలా రాసింది: నాకు స్పృహ లేదు గానీ కొంత గుర్తుంది. ఒక చల్లని చెయ్యి నా చెయ్యి పట్టుకుని నా పేరు రాయించింది. అది చనిపోయిన మా అమ్మ అనుకుని చర్చిలో అలాగే చెప్పాను. అది పొరపాటు. ఆ చెయ్యి మా బల్ల పెద్ద గంగాభవాని గారిది. గదిలో మేనేజరు గారు ఉన్నారు.

"ఇదంతా ఎందుకు, చర్చి సంగతి?" అన్నాడు నెల్సన్.

"వాళ్లు చెప్పకముందే నేను చెప్పాలి కదండీ."

సీతారత్నం గారు చదివి, కింద ముద్ర కొట్టించి, ఒక నకలు చేతికిచ్చారు. "సోమవారం వాళ్లనీ పిలుస్తాం. మీ అందర్నీ ఎదురెదురుగా అడుగుతాను. ఆ గంగాభవాని గారు కాదంటే మటుకు కష్టం అమ్మా. గదిలో మీ తరఫు మనిషి ఇంకెవరూ లేరు."

"తెలుసండి," అంది కెజియా.

* * *

శనివారం పొద్దున కెజియా వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, పళ్లెంలో బియ్యం పరిచి ఒంటి చేత్తో రాళ్లు ఏరుతోంది. దడి తలుపు చప్పుడైంది. గంగాభవాని. ఈసారి చేతిలో ఏమీ లేదు. వారంలో మనిషి ఒడిలిపోయింది.

కెజియా లేచి లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి నీడలో వేసింది. "కూర్చోండి."

గంగాభవాని కూర్చోలేదు. "ఏలూరు నించి ఫోను వచ్చింది. సోమవారం రమ్మన్నారు. నా పేరు రాసేవంట."

"రాశానండి."

"అండీ ఏంటే? తిట్టు. కొట్టు. అండీ అనకు."

కెజియా మళ్లీ మంచం మీద కూర్చుని పళ్లెం ఒళ్లోకి తీసుకుంది. గంగాభవాని కాసేపు నిలబడి, చివరికి కుర్చీ అంచున కూర్చుంది.

"ఆ మేనేజరు వేరే చెప్తున్నాడు. నువ్వు మెలకువగానే ఉన్నావు, నువ్వే అడిగి పెన్ను తీసుకున్నావు అని చెప్పమంటున్నాడు. అలా చెప్తే సూపర్వైజరు చేస్తానన్నాడు. చెప్పకపోతే సంచి కేసు నా మీద పెడతానంటున్నాడు." ఆమె వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఐసునీళ్లకి తెల్లగా ముడతలు పడ్డ వేళ్లు. "నిన్ను చూసి ఏడ్చేనే నేను. దొంగ ఏడుపు కాదది. నువ్వు నా మొహంలోకి చూసి నవ్వేవు, ఆ మత్తులో. చిన్నపిల్లలా నవ్వేవు. ఆ నవ్వు చూస్తూ రాయించేను. అప్పట్నించీ నాకు ముద్ద దిగట్లేదు."

కెజియా రాయి ఒకటి తీసి దడి వైపు విసిరింది. ఆ మాట నిజమని ఆమెకు తెలుసు. నిజమైనంత మాత్రాన ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

"నన్నేం చెప్పమంటావే?"

"నేనేం చెప్తానండి? ఆ గదిలో నేను లేను. ఉన్నది మీరు."

గంగాభవాని ఆమె మొహంలోకి చూసింది. తిడుతుందేమోనని, ఏడుస్తుందేమోనని, కనీసం బతిమాలుతుందేమోనని చూసింది. కెజియా బియ్యంలోకి చూస్తూ ఉంది. చెరువు అవతల మేత లారీ హారన్ కొట్టుకుంటూ గట్టు మీదుగా వెళ్లిపోయింది.

గంగాభవాని లేచింది. చెంగు భుజం మీదుగా నిండా కప్పుకుని దడి దాకా నడిచి, తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"ఏలూరు బస్సు ఎన్నింటికి?"

"ఏడుంపావుకండి. ఆలస్యమైతే తర్వాతది తొమ్మిదింటికి గానీ లేదు."

గంగాభవాని తల ఊపింది. వస్తాననలేదు, రాననీ అనలేదు. తలుపు తీసుకుని గట్టు వైపు నడిచింది. మడమలు పగిలిన ఆమె పాదాలు మెత్తటి దుమ్ములో కూరుకుంటూ, లేస్తూ దూరమయ్యాయి.

అక్కా అని ఒక్క కేక వేస్తే వినపడే దూరంలోనే ఉంది ఇంకా. కెజియాకి ఆ పిలుపు గొంతులోకి వచ్చింది. ఆమె దాన్ని మింగెయ్యలేదు, పైకి అననూ లేదు. మనిషి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా పళ్లెం పట్టుకుని అలాగే కూర్చుంది.